ఉబుంటు బాబాయి

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి ఇంటికి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళినవాడి ల్యాప్‌టాప్‌లో కూడా, బయటికొచ్చేసరికి విండోస్ మిగలదు, దాని చోట ఉబుంటు లైనక్స్ ఉంటుంది. "ఏరా, స్లో అయిందా?" అని ఆయన అడిగే తీరులో పరామర్శ కంటే ఆశ ఎక్కువ. పెన్ డ్రైవ్ ఎప్పుడూ లాల్చీ జేబులోనే. పెళ్ళిళ్ళకి తెచ్చే కట్నం కవరు మర్చిపోయిన సందర్భాలున్నాయి గానీ, అది మర్చిపోయిన సందర్భం లేదు.

కరెంటాఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యాక ఆయనకి పట్టిన పిచ్చి ఇది. ఈ కోవ మనుషులు ఊరూరా ఉంటారు. వీళ్ళకి కంప్యూటర్ సవ్యంగా పనిచేస్తుంటే తోచదు. అన్నీ బాగున్న రోజున బాబాయి నల్ల తెర తెరిచి ఊరికే "సుడో ఆప్ట్ అప్‌డేట్" కొట్టి కూర్చుంటాడు, ఏదైనా వస్తుందేమోనని.

ఏప్రిల్, అక్టోబరు నెలలు వచ్చాయంటే మరీ కంగారు. ఉబుంటు కొత్త వెర్షన్లు ఆ రెండు నెలల్లోనే వస్తాయి, 24.04 అంటే 2024 ఏప్రిల్‌లో పుట్టిందని అర్థం. రెండేళ్ళకోసారి వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్ మీదున్నవాళ్ళని ఉబుంటు కూడా తొందరపెట్టదు. మొదటి తప్పులు దిద్దిన 24.04.1 ఆ ఏడాది ఆగస్టులో వచ్చేదాకా ఆగమన్నదే లెక్క. బుద్ధిమంతులు ఆగారు. బాబాయి మాత్రం ఆగనక్కర్లేకుండా చేసే ఆప్షన్ ఒకటి కనిపెట్టి, "డు రిలీజ్ అప్‌గ్రేడ్" వెనక ఒక "డి" తగిలించి, మే నెల ఎండల్లో, ఇన్వర్టర్ మీద భారం వేసి కానిచ్చేశాడు.

అదీ ఏ రోజు? తెల్లారి పది గంటలకి తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయనగా, ముందురోజు రాత్రి.

పొద్దున్నే పిన్ని తలంటుకుని, ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు కాగితం మీద రాసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. పాస్‌వర్డ్ కొట్టింది. తెర ఒక్క క్షణం నల్లబడింది. మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అడిగింది. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది కదా, ఇది ఆ మాటా అనదు. మీసేవ కౌంటర్లో కాగితాలన్నీ చూసి, అంతా సరిగ్గానే ఉందని తలాడించి, మళ్ళీ వెళ్ళి లైను చివర నిలబడమన్నట్టుంది వ్యవహారం.

"ఏవండీ, ఇది నన్ను లోపలికి రానివ్వట్లేదు."

బాబాయి మొహం వెలిగిపోయింది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, "లాగిన్ లూప్!" అన్నాడు, చిన్ననాటి స్నేహితుడు గుమ్మంలోకి వచ్చినట్టు.

ఇక మొదలైంది. ముందు క్యాప్స్ లాక్ చూశాడు. తర్వాత కీబోర్డు తెలుగులోకి మారిందేమో చూశాడు. పేరు నొక్కాక కుడివైపు కింద మూల కనబడే పళ్ళచక్రం బొమ్మ నొక్కి, వేలాండ్ కాదని ఎక్సార్గ్ ఎంచాడు. లాభం లేదు. "అయితే గ్రాఫిక్స్ డ్రైవరే" అని తీర్మానించాడు. కొత్త కెర్నల్ వచ్చినప్పుడు దానికి తగ్గ డ్రైవర్ తయారవకపోతే తెర మొరాయించడం మామూలే. ఆ అనుమానం రాగానే ఆయనకి లైనస్ టోర్వాల్డ్స్ గుర్తొస్తాడు. 1991లో లైనక్స్ మొదలెట్టిన ఆ మహానుభావుడు 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో, ఒక గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీకి కెమెరా ముందే మధ్యవేలు చూపించాడు. ఆ ఘట్టాన్ని బాబాయి అభినయంతో సహా చెబుతాడు. పిన్ని ఆ వేలిని పట్టుకుని గోడ గడియారం వైపు తిప్పింది. పదికి పావుగంట తక్కువ.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే బొమ్మల్లేని నల్ల తెర వచ్చింది. అక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్క కూడా కనపడదు.

"టైపు అవట్లేదండీ."

"అవుతుంది. కనపడదంతే. భద్రత."

లోపలికి వెళ్ళాడు. లాగ్ చదవడం మొదలుపెట్టాడు. ఎర్ర అక్షరాల్లో వచ్చిన ప్రతి వాక్యాన్నీ పైకి చదివి "ఇది కాదు" అంటున్నాడు. చివరికి డిస్క్ ఖాళీ చూపించే "డిఎఫ్" కొడితే అసలు సంగతి బయటపడింది. హోం విభాగం నూటికి నూరు శాతం నిండిపోయింది. డెస్క్‌టాప్ తెరుచుకోవాలంటే అక్కడ నాలుగు చిన్న ఫైళ్ళు రాసుకోవాలి; రాసుకోవడానికి చోటు లేక, లోపలికొచ్చిన మనిషిని వచ్చినట్టే బయటికి పంపేస్తోంది. అప్‌గ్రేడ్ తప్పేం లేదు. దేంతో నిండింది? అప్‌గ్రేడ్‌లో ఏమైనా పోతాయేమోనని, ముందుజాగ్రత్తగా ఆయన రాత్రి తీసి పెట్టిన బ్యాకప్‌తో! అదీ అదే డిస్కులో!

"తీసెయ్యండి" అంది పిన్ని.

"బ్యాకప్ తీసేస్తారా ఎవరైనా?"

పక్క ఫోల్డర్లో డెబియన్, ఫెడోరా, మింట్ అనే వేరే లైనక్స్‌ల ఐఎస్ఓ ఫైళ్ళు వరసగా ఉన్నాయి. వాటినీ ముట్టుకోడు. వాటి కిందున్న పిన్ని తమ్ముడి పెళ్ళి వీడియో మీద ఆయన చూపు ఆగింది. పిన్ని ఆ చూపుని పట్టేసింది. ఆ తర్వాత ఆ గదిలో జరిగిన సంభాషణ రాయను గానీ, పోయింది ఫెడోరా. మళ్ళీ లాగిన్ అయితే, డెస్క్‌టాప్ కొత్త బొమ్మతో నిగనిగలాడుతూ తెరుచుకుంది. అప్పటికి పదీ ఇరవై.

"చూశావా! ఫార్మాట్ కొట్టకుండా, మెకానిక్‌ని పిలవకుండా! రా, కూర్చో, బుక్ చేసుకో."

"పది గంటలకే ఫోన్లో చేసేశాను. నలుగురికీ వచ్చాయి."

బాబాయి రెండు క్షణాలు తగ్గాడు. అంతలోనే కళ్ళజోడు పైకి తోసుకుని, "నీది ఆండ్రాయిడ్ ఫోనేగా? దాని లోపలున్నది కూడా లైనక్స్ కెర్నలే! అంటే లైనక్స్ మీదే బుక్ అయినట్టు!" అన్నాడు.

పిన్ని ఫోన్ తీసి కొంగున ముడేసుకుంది.

"అయితే దీని జోలికి మాత్రం రాకండి."