కాకి లెక్కల అడవి

తొలకరి పడగానే మన దగ్గర వాతావరణ మార్పు మీద యుద్ధం మొదలవుతుంది. గుంత ముందురోజే తీసి ఉంటుంది. నల్ల కవరు చింపిన మొక్కను నాయకుడు పట్టుకుంటాడు, నాయకుణ్ని ఆనుకుని పాతికమంది. ధర చీటీ కూడా ఊడని కొత్త క్యాన్‌తో నాలుగు చుక్కలు పోస్తారు. మొక్క జానెడు, ట్రీగార్డు మీద పేరు బారెడు.

అడవులు, చెట్లు పెంచి 2030 కల్లా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని పారిస్ ఒప్పందం కింద దేశం మాటిచ్చింది. పట్టి ఉంచాలంటే మొక్క బతకాలి కదా? సర్కారువారి లెక్క నాటడంతోనే సరి. 2015లో చిలుకూరు బాలాజీ సాక్షిగా మొదలైన తెలంగాణ హరితహారం లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఇన్ని కోట్లు చూపించాలంటే ఎక్కడ పాతినా ఏపుగా పెరిగేది కావాలి. దొరికింది కోనోకార్పస్. డివైడర్ల నిండా దాన్నే నాటారు. అది ఆరోగ్యానికి మంచిది కాదన్న గోల పెరిగాక, ఇక పెంచొద్దని ఆ నాటిన ప్రభుత్వమే చెప్పింది. తర్వాత ఆ ప్రభుత్వమూ మారింది, హరితహారం వన మహోత్సవమైంది. ఫొటోలు మాత్రం అలాగే వస్తున్నాయి.

అసలు అడవంటే ఏమిటో తెలిస్తే ఇంత కష్టం కూడా అక్కర్లేదు. ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారుకు మించిన నేల మీద పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. జామాయిల్ తోటా అడవే, కొబ్బరితోటా అడవే. నూజివీడు మామిడి రైతులారా, తాతల నాటి నుంచీ మీరు అడవిలో కాపురం ఉంటున్నారని ఎవరైనా చెప్పారా?

మరి జింకలు, నెమళ్లు, చెరువులూ ఉన్న హైదరాబాద్ కంచ గచ్చిబౌలి? అది అడవి కాదట! రికార్డుల్లో లేదట. 2025 ఉగాది సెలవుల్లో అక్కడి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. కోర్టులకు సెలవు చూసుకుని దిగాయని గిట్టనివాళ్లంటారు. నాకూ వాళ్ల మాటే నమ్మబుద్ధవుతోంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే దాదాపు వంద ఎకరాలు చదునైంది. మామిడితోట అడవైన దేశంలో జింకలు తిరిగే చోటు ఖాళీ స్థలం.

ఢిల్లీవారిది ఇంకా పెద్ద చేయి. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌ల కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని రాసిచ్చారు. 9.64 లక్షల దాకా చెట్లు పోవచ్చని పార్లమెంటులో వాళ్లే చెప్పారు. దానికి పరిహారంగా అడవి పెంచేది ఎక్కడో తెలుసా? హర్యానాలో! సముద్రానికి ఆవల, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో. గుడ్లు పెట్టడానికి ఆ దీవిలోని గలాథియా తీరానికి ఈదుకొచ్చే తోలుతాబేళ్లకు ఈ చిరునామా మార్పు గురించి నోటీసు వెళ్లిందో లేదో.

ఇలాంటి పరిహార నిధితోనే ఉత్తరాఖండ్‌లో ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు కొన్నారని కాగ్ తేల్చింది. వాటిని నాటడం మాత్రం మరిచిపోయినట్టున్నారు. ఇక కర్బన ఉద్గారాలు నికరంగా సున్నా అయ్యేది 2070 నాటికని 2021లో గ్లాస్గోలో ప్రకటించాం. అప్పటికి ఈ ఫైళ్ల మీద సంతకాలు పెట్టినవాళ్లలో సంజాయిషీకి దొరికేదెవరు?