ఒక తీర్పుల సంపుటి ఆత్మకథ

ఆలిండియా రిపోర్టర్ 1914లో నాగపూర్‌లో మొదలైన తీర్పుల పత్రిక. దాని 2014 సుప్రీంకోర్టు సంపుటాల్లో ఒకటి పెనుకొండలో ఒక వకీలు ఆఫీసు బీరువాలో ఉంది. ఈ కథ చెబుతున్నది అదే. ప్లెయింటులో వాది తనను ‘ఈ వాది’ అని రాయించుకున్నట్టు, ఇదీ తనను ‘ఈ సంపుటి’ అనే చెప్పుకుంటుంది.

ఈ సంపుటి దానంతటదే తెరుచుకునే చోటు 982వ పేజీ. అక్కడున్నది పుణె మునిసిపల్ కార్పొరేషన్ కేసు, 2014 జనవరి 24 నాటి తీర్పు. కొత్త భూసేకరణ చట్టం రాకముందే అవార్డు అయి అయిదేళ్లు దాటినచోట, స్వాధీనం కాకపోయినా, పరిహారం చెల్లించకపోయినా, ఏ ఒక్కటి చాలు, సేకరణ రద్దవుతుందని, ట్రెజరీలో జమకట్టడం చెల్లింపు కాదని ముగ్గురు జడ్జీలు చెప్పారు. కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరాక పెనుకొండ దగ్గరి ఎర్రమంచి చుట్టుపక్కల భూమి విలువే మారిపోయింది. పాత అవార్డు కాగితాలతో రైతు ఎవరొచ్చినా ఈ పేజీయే తిరగేశారు. 2020 మార్చి 6న ఇండోర్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో అయిదుగురు జడ్జీలు ఆ తీర్పును కొట్టేశారు: స్వాధీనమూ కాకుండా, పరిహారమూ చెల్లించకుండా ఉంటేనే రద్దు. ఈ సంపుటిలో అచ్చు మాత్రం అలాగే ఉంది. మార్జిన్‌లో జూనియర్ పెన్సిలుతో రాసిన ‘ఓవర్‌రూల్డ్’ ఒక్కటే హెచ్చరిక.

కొత్త ఆన్‌లైన్ సాధనం ట్రయల్‌కు వచ్చినప్పుడు జూనియర్ ముందుగా వెతికింది ఈ కేసునే. జవాబు తెలిసిన ప్రశ్నతో మొదలుపెట్టడమే సరైన పరీక్ష. తీర్పు క్షణంలో వచ్చింది. అందులో గొప్పేమీ లేదు. ఇండియన్ కానూన్ 2008 నుంచి, సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ 2023 నుంచి తీర్పులు ఉచితంగానే చూపిస్తున్నాయి. కొట్టేసిన సంగతి తీర్పు పైనే కనబడాలి, చందా కట్టేది అందుకు. ఎర్రగా కనబడింది.

తర్వాతి ప్రశ్న దగ్గర తడబడింది. 2014 తర్వాత మొదలైన సేకరణకు రద్దు గురించి చెప్పే సెక్షన్ 24(2) వర్తించదని సాధనం రాసిచ్చిన సారాంశం సరిగానే చెప్పింది గానీ, ఆధారంగా చూపిన పేరాలో ఆ మాటే లేదు. న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ కల్పించిన కేసులను కోర్టు ముందుంచిన లాయర్లకు 2023లో 5,000 డాలర్ల జరిమానా పడిన సంగతి సీనియర్ గుర్తుచేశారు. తెలుగులో టైపు చేస్తే వచ్చిన ఫలితాలు చెప్పుకోదగ్గవి కావు.

చివరికి ఒక ఏడాదికి, ఒక్క లాగిన్‌కు చందా కట్టారు. సారాంశం చూసి సైటేషన్ ఎక్కించకూడదని, తీర్పు పూర్తిగా చదివి కాపీ జతచేయాలని సీనియర్ షరతు పెట్టారు. కొత్త సంపుటాలు కొనడం మానేశారు.