దమయంతి కట్టిన చీర

తైలవర్ణ చిత్రలేఖనం నేర్చుకోవాలంటే ఏదైనా పాత గొప్ప బొమ్మను చూసి వేయడమే మంచిదంటారు. పెనుకొండలో నాకు గురువు దొరకలేదు. రవివర్మకు మాత్రం సులువుగా దొరికాడా? 1868లో తిరువనంతపురం వచ్చిన చిత్రకారుడు థియోడర్ జెన్సన్ నేర్పనన్నాడు, తాను వేస్తుంటే చూడనిచ్చాడంతే. అలా చూసి నేర్చినవాడి బొమ్మనే చూసి నేర్చుకుందామని 1899 నాటి ‘హంస దమయంతి’ని పట్టుకున్నాను. అసలు బొమ్మ కేరళలో ఉంది, నా దగ్గరున్నది క్యాలెండరు.

మొదటి పేచీ నూనె దగ్గర. అవిసె నూనె కావాలంటే, శెనక్కాయల సీమలో ఉండి నూనెకు వెతుకులాటేమిటని మా ఆవిడ వంటింటి డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడుతుంది, శెనక్కాయ నూనె ఎన్నాళ్లున్నా ఆరదని చెప్పాను.

“ఆరకపోతే బజ్జీలకు పనికొస్తుందిలే” అంది.

క్యాలెండరు మీదా, కాన్వాసు మీదా గళ్లు గీశాను. అడుగు పూతలో టర్పెంటైన్ ఎక్కువ, పైకి పోయేకొద్దీ నూనె ఎక్కువ ఉండాలి. తారుమారైతే దమయంతి ముఖం ఎండిన చెరువులా పగులుతుంది. ఎలాగో ముఖం కుదిరింది. ఇక చూసేవాళ్లు మొదలయ్యారు.

హిందూపురం మామ బుగ్గ మీద వేలు పెట్టాడు. “ఇంకా తడే ఉంది కదప్పా! మన లేపాక్షి రంగులు సూడు, ఐదు నూర్ల యేండ్లాయ, అట్లే ఉండాయి.” అక్కడ గార మీది రంగులు, ఇక్కడ నూనె అని చెప్పేలోపే ఆయన వేలిముద్ర దమయంతికి సొట్టబుగ్గయింది.

1565 నాటి తళ్లికోట యుద్ధాన్ని నిన్నటి వార్తలా చెప్పే పక్కింటి మాస్టారు, “ఈమె మన ఊరి గగన్ మహల్‌లో ఏ రాణి?” అన్నారు. విదర్భ రాకుమారి అన్నాను. “1565కు ముందా, తర్వాతా?”

చివరికి ధర్మవరం బామ్మర్ది వచ్చాడు. ముఖం వైపు చూడనే లేదు. ఎర్రచీర దగ్గర వంగి, “అంచు కుచ్చిళ్ల కాడ ఇంత, కొంగు కాడ అంతనా? ఇట్ల నేస్తే మా షావుకారు కూలి కోస్తాడు బావా” అన్నాడు.

“కళ్లు ఎట్లున్నాయి?”

“చీర బాగుంటే కండ్లు ఎవురు సూస్తారు?”

రవివర్మకు నేర్పేవాళ్లు కరువు. నాకు నేర్పనివాళ్లు కరువు. అందుకే తర్వాతి బొమ్మకు గాంధీగారిని ఎంచుకున్నాను. కొల్లాయి ఒక్కటే, అంచు లేదు, కొంగు లేదు. సంగతి తెలిసి బామ్మర్ది ఫోను చేశాడు.

“బావా, మగ్గం గుడ్డేనా, మిల్లుదా?”