కొత్తిమీర దగ్గర గట్టిగా, సంతకం దగ్గర మెత్తగా

పాతికేళ్ల పిల్లలకు డబ్బు పాఠాలు చెప్పేవాళ్లు వీధికి నలుగురున్నారు. యాభై దాటాక, పిల్లల పెళ్లిళ్లయ్యాక, "ఇంతకీ నా పేరున ఏముంది?" అని అప్పుడు తట్టిన అమ్మలకు చెప్పేవాళ్లే కరువు. ఆ లోటు తీర్చడానికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇవి నేను కనిపెట్టినవి కావు. బందరు, గుడివాడ, అవనిగడ్డ మధ్య ఇళ్లలో అమ్మమ్మల నాటి నుంచి నలిగి నిగ్గుతేలిన పద్ధతులు. తు.చ. తప్పకుండా పాటిస్తే అరవై అయిదుకల్లా మీ పేరున చిల్లిగవ్వ మిగలదని పూచీ ఇవ్వగలను.

పొదుపంటే వంటింట్లోదే, గడప దాటితే అది పొదుపు కాదు. రైతుబజారులో కొత్తిమీర కట్ట పది అంటే ఎనిమిదికి అడగండి. ఇవ్వకపోతే నాలుగడుగులు ముందుకు వేసి, పిలుస్తాడేమోనని ఓరగా వెనక్కి చూడండి. పాల పాకెట్టు ఖాళీ అయ్యాక కాసిని నీళ్లు పోసి తొణికించి, ఆ నీళ్లు కాఫీలో కలపండి. సబ్బుముక్క అరిగితే కొత్త సబ్బుకు అతికించండి. ఇలా రోజుకు అయిదు రూపాయలు మిగిలినా ఏడాదికి 1,825 అవుతుంది. ఈ లెక్క పేరంటాల్లో గర్వంగా చెప్పుకోవచ్చు. అదే ఏడాది మీ ఆయన ఎవరి అప్పుకో పది లక్షలకు హామీ సంతకం పెట్టి వచ్చారా? అడగకండి. అది మీ శాఖ కాదు.

మిగిల్చిన డబ్బు మినప్పప్పు డబ్బా అడుగునే ఉండాలి. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు ఏ డబ్బాలో ఎంత ఉందో ఇంట్లో మగవాళ్లకు మొదటిసారి తెలిసింది. నడుస్తున్న ఖాతా ఉన్నది ఆయనకే కాబట్టి ఆ నోట్లన్నీ ఆయన ఖాతాలోకే వెళ్లాయి. పప్పు మళ్లీ డబ్బాలోకి వచ్చింది గానీ నోట్లు రాలేదు. అయినా పద్ధతి మార్చుకోనక్కర్లేదు. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ముసలమ్మలు మాత్రం దీనికి ఒప్పుకోరు, ఇల్లే కొట్టుకుపోయాక ఇంట్లో దాచింది ఎక్కడుంటుందని అడుగుతారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి.

బ్యాంకంటారా, బ్యాంకు మన ఊళ్లో పుట్టిందే. బందరులో వైద్యం చేసిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. అంత ఘనత ఉన్న ఊళ్లో ఉంటూ మళ్లీ మనం బ్యాంకు గడప తొక్కడమెందుకు? పెళ్లయిన కొత్తలో తెరిచిన ఆంధ్రా బ్యాంకు పాసుపుస్తకం దేవుడి పటం వెనక ఉంటే అక్కడే ఉండనివ్వండి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందని, రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రలోకి వెళుతుందని, పదేళ్లయితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుందని కౌంటరులో అమ్మాయి చెబుతుంది. ఆధార్ పట్టుకెళ్లి అడిగితే వడ్డీతో వెనక్కి ఇస్తారని కూడా చెబుతుంది. వినకండి. నామినీగా పాతికేళ్ల కిందట పోయిన మీ అత్తగారి పేరుంటే మార్చకండి, పెద్దావిడ నొచ్చుకుంటుంది.

అసలైన బ్యాంకు ఎదురింటి అరుగు మీద ఉంది. ఆదివారం నాలుగింటికి చీటీ పాట. ఇరవైమంది, తలకు అయిదువేలు, లక్ష చీటీ. చాప పరిచి ఉంటుంది, స్టీలు గ్లాసుల్లో టీ వస్తుంది. చీటీ అక్కయ్యగారు కళ్లజోడు ముక్కు మీదకు జార్చి, రూళ్ల పుస్తకం తెరిచి "ఎవరికి అవసరం?" అంటుంది. కూతురి సీమంతం ఉన్నావిడ ఇరవై అయిదువేలు పోయినా సరేనని పాడేస్తుంది. మిగిలినవాళ్లు పైకి అయ్యో అంటారు, లోపల తమ వంతుకు ఎంత తగ్గిందో లెక్కేసుకుంటారు. ఇంత సందడి ఏ బ్యాంకులో దొరుకుతుంది? చిట్‌ఫండ్ల చట్టం 1982 నుంచి ఉంది. చీటీ రిజిస్టరు చేయాలి, చీటీ మొత్తానికి సరిపడా సొమ్ము నిర్వాహకులు ముందే డిపాజిట్టు కట్టాలి, కమీషను ఏడు శాతం మించకూడదు. ఇవన్నీ నమ్మకం లేనివాళ్ల కోసం. మీకు నమ్మకముంది. రసీదు అడిగితే అక్కయ్యగారు చిన్నబుచ్చుకుంటుంది. ఏదో ఒక ఏడాది, పద్నాలుగో పాటప్పుడో పదిహేనో పాటప్పుడో, ఆ ఇంటికి తాళం కనిపిస్తుంది. అప్పుడు ఇంకా చీటీ పాడనివాళ్లంతా కలిసి స్టేషనుకు వెళతారు. ఎస్సైగారు "కాగితమేదమ్మా?" అంటారు. రూళ్ల పుస్తకం అక్కయ్యగారితోనే వెళ్లింది.

అరుగు చీటీ చిన్నతనమనిపిస్తే కంపెనీల్లో కట్టండి. ఏజెంటు మీ మేనల్లుడో, తోటికోడలి తమ్ముడో అయి ఉండాలి, అది తప్పనిసరి. విజయవాడలో కొలువుండి మునిగిపోయిన అగ్రిగోల్డ్‌లో కట్టిన 32 లక్షలమందిలో చాలామంది అలా చుట్టరికం మీద కట్టినవాళ్లే. పదివేలలోపు కట్టినవాళ్లకు 2019లో, ఇరవైవేలలోపు వాళ్లకు 2021లో రాష్ట్ర ప్రభుత్వమే ఖజానా నుంచి ఇచ్చింది. అంతకు మించి కట్టిన పిన్నులూ మేనత్తలూ ఇంకా పండక్కి ఆ ఏజెంటుకే భోజనం పెడుతున్నారు.

ఇక వడ్డీకి ఇవ్వడం. మన వైపు ఆడవాళ్లకు ఇందులో ఉన్న తెలివి సామాన్యం కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు రెండువేలని నిద్రలో లేపినా చెబుతారు. ఆ తెలివంతా అప్పు ఇచ్చేవరకే వాడండి, తర్వాత మొహమాటం వాడండి. ప్రామిసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అది పట్టకముందే తిరగరాయించుకోవాలి. లేదా అప్పు తీసుకున్నాయన ఓ అయిదొందలైనా కట్టి, నోటు వెనక తన చేత్తో జమ రాసి, తేదీ వేసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. మీరు చేయవలసిందల్లా మూడో ఏడాది ఆఖరి నెలలో వాళ్లింటికి వెళ్లి కాఫీ తాగి రావడం. "అన్నయ్యగారూ, నోటు తిరగరాస్తారా?" అన్నమాట గొంతు దాకా వస్తుంది, మింగేయండి. "డబ్బెక్కడికి పోతుంది వదినా" అని ఆయనే అంటాడు. నిజమే, ఎక్కడికీ పోదు. ఆయన దగ్గరే ఉంటుంది.

మీకే అప్పు కావాలంటే డ్వాక్రా సంఘం లోను కోసం ఆగకండి. పొద్దున్నే స్కూటరు మీద వచ్చే రోజువారీ ఫైనాన్సు కుర్రాడున్నాడు. 8,500 చేతికిస్తాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదిహేనువందలే కదా వడ్డీ అనిపిస్తుంది. మొదటి రోజు నుంచే అసలు తీరుస్తున్నామని, ఆ లెక్కన ఏడాదికి నూటికి నూరు దాటుతుందని బందరులో చేపలమ్మే ఆవిడను అడిగితే వేళ్ల మీద చెబుతుంది. ఆమెను అడగకండి.

బంగారం విషయంలో మాత్రం రాజీ పడవద్దు. చిలకలపూడి రోల్డుగోల్డు దేశమంతా వెళుతుంది, మన పెళ్లిళ్లకే పనికిరాదు. ఆ పందిట్లో మీ గాజులు గీకి చూసేవాళ్లెవరూ ఉండరు, అయినా మీ మనసుకు తెలుస్తుంది కదా! అందుకని రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నాలుగు కాసుల గాజులు చేయించండి. నాలుగు కాసులంటే 32 గ్రాములు. తరుగు పన్నెండు శాతమంటే దాదాపు అరకాసు కొట్లోనే ఉండిపోయింది, రాళ్లుంటే ఇంకా బాగు, కొనేటప్పుడు రాళ్లకూ డబ్బిస్తాం, అమ్మేటప్పుడు రాళ్లు తీసి తూస్తారు. ఆరు నెలలకు ఆ గాజులు తాకట్టుకు వెళ్లి గాజుల కోసం చేసిన అప్పు తీరుస్తాయి.

గుడివాడ వైపు అమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. అబ్బాయి ఎమ్మెస్‌కు వెళుతున్నాడు. బ్యాంకు చదువు అప్పు ఇస్తానంటే అబ్బాయి పేరున అప్పెందుకని ఇల్లు తాకట్టు పెట్టి బయట తేవాలి. పది లక్షలకు రెండు రూపాయల వడ్డీ నెలకు ఇరవైవేలు. మీ పేరున కొంచెం దాచుకోమనీ, పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా తెరవడానికి వయసు పరిమితి లేదనీ, ఏడాదికి అయిదొందలు కట్టినా నడుస్తుందనీ, అందులో ఉన్న సొమ్మును అప్పులవాళ్లకోసం కోర్టు కూడా జప్తు చేయలేదనీ ఎవరైనా అంటే నవ్వేయండి. అరవై దాటితే సీనియర్ సిటిజన్ల పథకంలో 8.2 శాతం ఇస్తున్నారన్నా అంతే. మీ పథకం డాలస్‌లో ఉంది, ఆదివారం ఆదివారం వీడియోలో కనిపిస్తుంది.

సంఘం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆడవాళ్ల పేరున డబ్బు కదిలే చోటు అదొక్కటే. డ్వాక్రా 1982లో మొదలైంది. నలభై ఏళ్లలో మన ఆడవాళ్లకు బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చోవడం అలవాటు చేసింది. కాబట్టి అక్కడ జాగ్రత్తగా ఉండాలి. తీర్మానం పుస్తకంలో ఖాళీ పేజీల మీద ముందే సంతకాలు పెట్టేయండి, లీడరుకు మాటిమాటికీ మీ ఇంటికి వచ్చే శ్రమ తప్పుతుంది. లోను రాగానే మరిదిగారి చెరువులో పెట్టండి. నాగాయలంక దగ్గర కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువు, సీడు వదిలారు, మేత అరువు, ఏరియేటర్లు అద్దె. కౌలు ఆయన పేరున, మేత ఖాతా ఆయన పేరున, పంట డబ్బు ఆయన పేరున. లోను మాత్రం మీ పేరున. వైట్ స్పాట్ తెగులు తగిలితే వారంలో చెరువు ఖాళీ, తగలకపోతే కౌంటు ధర ఉంది. 2025లో అమెరికా సుంకాలు పెంచగానే ఇక్కడ గట్టు మీద ధర పడిపోయింది. వాయిదా రోజున మరిదిగారు ఫోనెత్తరు. సంఘంలో మిగతా తొమ్మిదిమంది మీ వాకిట్లో కూర్చుంటారు. వాళ్లకు టీ పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పుట్టింటి పొలం. నాన్నగారు వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని హిందూ వారసత్వ చట్టం 1956లోనే చెప్పింది. పిత్రార్జితంలో మన రాష్ట్రం పెళ్లికాని ఆడపిల్లలకు 1985 నుంచే హక్కిచ్చింది, 2005లో కేంద్రం దాన్ని పెళ్లయిన వాళ్లకూ విస్తరించింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా టీవీలో విని, మర్చిపోండి.

సంక్రాంతికి అన్నయ్య కబురు పెడతాడు. వెళ్లండి. గారెలు, పులుసు, వదినగారి మర్యాద. మూడోనాడు కారు వస్తుంది. "చిన్న పనుందమ్మా, పట్నం దాకా వెళ్లొద్దాం, ఆధార్ తెచ్చుకున్నావుగా?" రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టుకింద దస్తావేజు రాసేవాళ్ల బల్ల ఉంటుంది. పది పేజీలు, అడుగున మీ పేరు టైపు చేసి ఉంటుంది. పైన "హక్కు విడుదల" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, కళ్లజోడు ఇంటి దగ్గర మర్చిపోయి వెళ్లడం ఉత్తమం. లోపల వేలు పెట్టమంటారు, ఫొటో తీస్తారు. "ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?" అని అడుగుతారు. నోరు తెరవడానికి మీకు దొరికే అవకాశం అదొక్కటే, పక్కన అన్నయ్య కళ్లలో చూసి తలూపండి. బందరు పోర్టు పనులు మొదలయ్యాక ఆ చుట్టుపక్కల సెంటు ఎంత పలుకుతోందో కారు డ్రైవరుకు కూడా తెలుసు. తిరుగు ప్రయాణంలో కోనేరు సెంటరు దగ్గర కారాపి చీర కొంటాడు అన్నయ్య. జాకెట్టు గుడ్డ విడిగా. ధర చీటీ చించేయబోతే మీరే వద్దనండి. పొలం ఎంతకు అమ్ముడయిందో తెలియడానికి మీ దగ్గర మిగిలే లెక్క అదొక్కటే.

చివరగా చిన్న విషయం, పుట్టిన తేదీ. ఆధార్ తీసుకున్నప్పుడు తేదీ తెలియని అమ్మలెందరికో జనవరి 1 పడింది, వయసు కళ్లతో అంచనా వేశారు. అటల్ పెన్షన్‌లో చేరడానికి నలభై, ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి బీమాకు యాభై, వృద్ధాప్య పింఛనుకు అరవై, అన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి. దాన్ని సరిచేయించుకోవడానికి బడి రికార్డు వెతుక్కుని సచివాలయానికి వెళ్లాలి. ఒక పూట పోతుంది. ఆ పూటలో రెండు సబ్బుముక్కలు అతికించవచ్చు.

ఈ సలహాలు నచ్చితే కాగితం కత్తిరించి, ఇంటి దస్తావేజులున్న బీరువాలో దాచుకోండి. దస్తావేజు మీద ఎవరి పేరుందో, ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియకపోతే మీకు నా సలహాలు అక్కర్లేదు, ఇప్పటికే అన్నీ పాటిస్తున్నారు.