ఖర్చు పెట్టలేని వందను కొనడం ఎలా?

ముందుగా ఒక వంద రూపాయల నాణేన్ని 4,850 రూపాయలు పోసి కొనండి. తక్కిన మెలకువలు వాటంతటవే వస్తాయి.

2023 ఆగస్టు 28న ఎన్టీఆర్ శతజయంతి నాణేన్ని రాష్ట్రపతి ఢిల్లీలో విడుదల చేశాక చాలామంది తెలుగువాళ్లకు ఈ విద్యలో అక్షరాభ్యాసం జరిగింది. నాణెం తయారైంది మన హైదరాబాద్ టంకశాలలోనే. అప్పట్లో అట్ట ఫోల్డరులో 4,050, చెక్క పెట్టెలో 4,850. ఎప్పుడైనా పెట్టెనే కొనండి. లోపలిది ఎలాగూ బయటికి తీయం, పెట్టెనైనా చూసుకోవచ్చు. నాణెం మీద హిందీ ఉంది, ఇంగ్లిషు ఉంది, తెలుగు అక్షరం మాత్రం లేదు. తెలుగువారి ఆత్మగౌరవం అన్న మనిషి నాణెం అది. ఈ సంగతి డబ్బు కట్టాక గమనించడం ఆరోగ్యానికి మంచిది.

అసలు పరీక్ష ఇంట్లో ఉంటుంది.

"ఏవండీ, వంద కాయితాలు మన దగ్గర లేవా?" అని ఆవిడ అడుగుతుంది. తడబడకండి. "వెండి! 35 గ్రాములు!" అనండి. "అంతా వెండేనా?" అంటుంది. కాదు. వెండి సగమే, రాగి 40 పాళ్లు, నికెలు 5, జింకు 5. అంటే పదిహేడున్నర గ్రాముల వెండి. తరుగు దగ్గర, మజూరీ దగ్గర నగల కొట్టువాణ్ణి ఏడిపించిన మనిషి ముందు ఈ లెక్క నిలవదు. వెంటనే చట్టంలోకి దూకండి. ఇది సర్కారు నాణెం, చెల్లుతుంది. "అయితే కూరగాయల బండికి ఇవ్వండి" అంటుంది. ఇస్తే వందకే చెల్లుతుంది. పోనీ కరిగిద్దామా అంటే 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. ఖర్చు పెట్టలేం, కరిగించకూడదు, కొన్న ధరకు ఎవరైనా తీసుకుంటారన్న భరోసా లేదు. ఇక మిగిలింది బ్రహ్మాస్త్రం: "పిల్లల కోసం."

ఆ మాట తర్వాత ఏ తెలుగింట్లోనూ ఎదురు ప్రశ్న ఉండదు. కానీ పిల్లలు అడగలేదు. వాళ్లు చిల్లర ముట్టుకుని ఎన్నాళ్లయిందో! ఫోను చూపించి టీ తాగే పిల్లలకు మనం వెండి బిళ్ల దాచిపెడుతున్నాం. అడిగేదాకా ఆగితే మనకు సాకు ఉండదు కదా.

ఈ నాణేల్లో చిల్లర మీద ఆశ పెట్టుకోకండి, సందర్భం ఎన్నేళ్లదో అంకె అంత. రిజర్వు బ్యాంకుకు 75 ఏళ్లు నిండితే 75 రూపాయల నాణెం. గురునానక్ 550వ జయంతికి 550. ఆదాయపు పన్నుకు 150 ఏళ్లయిన సందర్భంగా 150. పన్ను కట్టగా మిగిలిన డబ్బుతో పన్ను జ్ఞాపికను కొనుక్కునే భాగ్యం ఎందరికి దక్కుతుంది?

ముట్టుకోకండి. ప్రూఫ్ నాణెం అంటే మెరుగుపెట్టిన అచ్చులతో ఒకటికి రెండుసార్లు కొట్టింది. నేల భాగం అద్దంలా ఉంటుంది, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా తేలుతుంది. సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనిపిస్తే హైదరాబాద్‌ది. వేలు తగిలిందా, వేలిముద్ర అందులోనే కాపురం పెడుతుంది. అందుకని శ్రావణమాసంలో పెట్టె తాళంచెవి మీ జేబులో ఉండాలి. వరలక్ష్మీ వ్రతం పళ్లెంలోకి ఒకసారి వెళ్లిందంటే పసుపూ కుంకుమా పడతాయి, మర్నాడు విబూదితో తోముడు పడుతుంది. అద్దం పోయి గరిటె మెరుపు వస్తుంది. అమ్మవారికి అభ్యంతరం లేదు, నష్టం మనకే.

స్మారక నాణేల దండ పూర్తి చేయాలనుకోకండి. వెనక్కి తవ్వితే 1969 గాంధీ పది రూపాయల నాణెం తగులుతుంది. దాంట్లో వెండి నూటికి 80 పాళ్లు. అది చూశాక మన సగం వెండి మీద మనసు విరిగిపోతుంది.

ఉన్నమాట చెప్పాలంటే సుఖమంతా డబ్బు కట్టిన రోజుకీ పార్సిల్ చేతికొచ్చే రోజుకీ మధ్యే. వచ్చాక ఒక పూట చూస్తాం, బీరువాలో పెడతాం, తర్వాతి నాణెం గెజిట్ ప్రకటన ఎప్పుడా అని వాకబు మొదలుపెడతాం.

బీరువా నిండితే బ్యాంకు లాకరు తీసుకోండి. ఏడాది అద్దె ఎంతో ఇంట్లో చెప్పకండి. లాకరు ఆవిడ పేరు మీద ఉంటే మాత్రం వేరే దారి చూసుకోవాలి.