ఫ్రెంచి మాస్తర్

సోలాపూర్ అశోక్ చౌక్ మగ్గాల గల్లీల్లో ఇలాంటి మాస్తర్ ఒకాయన ఎప్పుడూ ఉంటాడు. పడమట దిక్కున ఆయన చూసిన ఆఖరి ఊరు పుణె. అయినా ఫ్రెంచి పలుకుబడికి ఊళ్లో తానే పూచీ. జేబులో లామినేషన్ చేయించిన పట్టీ ఒకటి, దాని మీద అంతర్జాతీయ ధ్వని గుర్తులు. 1886లో పారిస్‌లో భాషలు చెప్పే పంతుళ్లు సంఘం పెట్టుకుని, ఒక్కో ధ్వనికి ఒక్కో గుర్తు ఉండాలని మొదలుపెట్టిన వ్యవహారం అది. పాపం, ఇంత దూరం వస్తుందని వాళ్లు మాత్రం ఏం కలగన్నారు?

చాయ్ దుకాణం కాడ ఎవరో "మా జకార్డు మగ్గం బందైంది" అన్నారంటే దొరికిపోయినట్టే.

"జకార్డు గాదు బిడ్డా! మొదట్ల ఉన్నది జ గాదు. షకు గొంతు కలపాలె. దాని గుర్తు మూడంకె లెక్కుంటది. చివరి డ పలకనే పలకరు. దాని ముందటి ఆర్ తలకిందులుంటది, కొండనాలుక కాడ గీరాలె."

అని గీరి చూపించాడు. చాయ్‌వాలా పరుగున మంచినీళ్లు తెచ్చాడు.

నిజానికి మాస్తర్ బాధలో న్యాయం ఉంది. లియోన్ పట్నపు జకార్ 1804లో అట్టల మగ్గం తయారుచేయకపోతే సోలాపూర్ చాదర్ మీద పూలెక్కడివి, నెమళ్లెక్కడివి? "అట్టల చిల్లి ఉన్నకాడ పడుగు పోగు లేస్తది. గీ గుర్తు చూస్తే నాలుక గట్లనే లేవాలె" అంటాడు. ఈ ఒక్క మాటకు మాత్రం నేతగాళ్లంతా తలూపుతారు.

ముక్కుతో పలికే అచ్చుల దగ్గర ఆయనకు ఆవేశం ఆగదు. మనం అరసున్నను పుస్తకాల్లోంచి వెళ్లగొడితే, పట్టీ మీది ఫ్రెంచి అచ్చు దాని లాంటి గీతను నెత్తిన పెట్టుకుందట. బట్టల దుకాణంలో భార్యకు "షిఫోఁ చీర" అడిగాడు. దుకాణదారు జలుబుకు కషాయం చెప్పి పంపాడు.

అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లనూ వదల్లేదు.

"అత్తా, మూతి ఉ అన్నట్టు పెట్టి, లోపల ఈ అను."

"గట్ల మూతి పెట్టి పీల్చేటోళ్ల కోసమే గద అల్లుడా, పొద్దందాక గివి చుట్టేది!"

పక్కన పవర్‌లూముల మోతలో ముక్కుతో అన్నదీ నోటితో అన్నదీ ఒకటే. ఆయనకు అదేం పట్టదు. ఇంకో సంగతి, అంత సన్నని తేడాలు పట్టే ఆ నాలుకకే స్కూలు ఇస్కూలు, స్టేషన్ ఇస్టేషను. అది ఇంగ్లీషు ఖాతా, అడగకూడదు.

మొన్న మగ్గాలు బాగుచేసే జాబర్‌కు అసలు సూత్రం విప్పి చెప్పాడు: "ఫ్రెంచిల రాసిందంతా పలకరు. చానా మాటలకు చివరి అక్షరం మింగేస్తరు."

జాబర్ చేతిలో పానా కింద పెట్టాడు.

"అయితే మా సేటుకు నువ్వే నేర్పినవా మాస్తర్? చీటీల రాసిందంతా ఇయ్యడు. వారం పగారల చివరి నోటు మింగుతడు."

మాస్తర్ పట్టీ మడవబోయి, లామినేషన్ కనుక మడత పడక, జేబులో కుక్కుకున్నాడు.

"పగార పోర్చుగీసు మాట బిడ్డా. గది నా డిపార్ట్‌మెంట్ గాదు."