కోటకొండ గొంగడిని

నాది నారాయణపేట పక్కన కోటకొండ. 2019లో నారాయణపేట వేరే జిల్లా అయింది గానీ, నన్నడిగితే పాలమూరు గొంగడిననే చెప్తాను. నా ఒళ్లంతా దక్కని గొర్రె బొచ్చు. నలుపు గొర్రెదే, రంగు వేయలేదు. కురుమలు బొచ్చు కత్తిరించి ఏకితే, ఇంట్లో ఆడవాళ్లు వడికారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించి గుంతమగ్గం మీద నేశారు. ఆ గంజి పుణ్యమా అని కొత్తలో నిలబెడితే నిలబడేటంత బిరుసుగా ఉండేదాన్ని.

దేవరకొండ వైపు గొర్లకాపరి ఒకాయన నన్ను కొన్నాడు. ఆయనకు మనవరాలు పుట్టాక భుజం దిగి నేలకు వచ్చాను. నాయనమ్మ నన్ను రెండు మడతలేసి కింద పరిచి, పైన పాతచీరల బొంత వేసి, ఆపైన పిల్లను పడుకోబెట్టేది. పసితోలుకు నన్ను నేరుగా తగలనిచ్చేది కాదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమనే సామెత పుట్టింది నా గుణం చూసే కదా!

'గొంగడి ఎచ్చగుంటది' అని అందరూ మెచ్చుకుంటారు. నా దగ్గర వేడెక్కడిది? అది పిల్ల ఒంటిదే. వంకర్లు తిరిగిన నా పోగుల్లో గాలి చిక్కుకుని, ఆ వేడిని జారిపోనీయదు, నేల చలిని పైకి రానీయదు. పక్క తడిసినా ఫర్వాలేదు, ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా చెమ్మ పీల్చుకుని కూడా తడి తెలియనీయదు.

వానకాలం తల్లి పత్తిచేలో కలుపుకు పోతే, వేపకొమ్మకు చీర తొట్టెల. జల్లు పడితే నన్ను కొప్పుగా మడిచి నెత్తిన వేసుకుని పిల్లను రొమ్ముకు అదుముకునేది. ఉన్నికుండే జిడ్డుకు చినుకులు జారిపోతాయి. జడివాన మాత్రం నావల్ల కాదు. తడిసిన నన్ను ఇంటికి మోసుకుపోవడం ఆమెకు మరో కూలిపని.

ఎండకాలం ఒకసారి ఎవరో నన్ను తొట్టెల మీద కప్పబోయారు. "గాలాడక పిల్ల ఉడికిపోతదే!" అని నాయనమ్మ కసిరింది. నన్ను తీసి ఎత్తున కొమ్మల మీద పరిచి, కింద నీడ చేసింది. కప్పడం ఎవరికైనా వస్తుంది, ఎప్పుడు తీయాలో ఆమెకు తెలుసు.

గద్దర్ ఒంటి మీద 'మా భూమి' సినిమాలో కనబడిన నా చుట్టానికి ఎంత పేరొచ్చిందో! పిల్లల కింద నలిగిన నన్ను ఎవరు పట్టించుకున్నారు?

ఆ పిల్లే ఇప్పుడు హైదరాబాదులో తల్లి. కొడుక్కు ప్రామ్ కొన్నారు. చలికాలం పొద్దున అందులో బాబును బయటికి తీసుకుపోతుంటే, పైన ఎన్ని కప్పినా అడుగున పలుచని గుడ్డే, కింద చల్లగాలి. ఆమెకు నాయనమ్మ పరుపు గుర్తొచ్చింది. నన్ను సగానికి కోసి, నూలుచీర గలేబు కుట్టి, బాబు వీపు కిందకు కట్టుదిట్టంగా అమర్చింది. బాబు చేతులు చల్లబడ్డాయని కంగారుపడదు. మెడ వెనక తాకి చూస్తుంది, చెమట తగిలితే పైనుంచి ఒక పొర తీసేస్తుంది. మే నెలలో అత్తగారు ప్రామ్‌కు తువ్వాలు కప్పబోతే, "వద్దత్తమ్మా, లోపల గాలాడదు" అని చెట్టునీడకు తోసుకుపోయింది. ఆ నెలల్లో నాకు అటకే.

2019 పశుగణనలో తెలంగాణ గొర్రెలు దాదాపు 1.90 కోట్లు, దేశంలోనే ఎక్కువ. ఇన్ని ఉన్నా నాకు తమ్ముళ్లు పుట్టడం లేదు. మాంసం కోసం పెంచే నెల్లూరు జాతికి ఒంటినిండా వెంట్రుకలే గానీ ఉన్ని ఉండదు. దక్కని మందల్లోకీ ఆ పొట్టేళ్లే వచ్చాయి. బొచ్చు తగ్గింది, ఉన్న బొచ్చుకూ బేరం లేదు.

చెల్లెలి కాన్పుకు ఇంకో గొంగడి కావాలని బాబు తల్లి మొన్న కోటకొండకు ఫోన్ చేయించింది. "మగ్గమైతే ఉన్నదమ్మా. నల్లబొచ్చు మీరే తెచ్చిస్తే నేస్తం" అన్నారట.